రైలు వచ్చింది, కులం దిగలేదు

నల్లజాతి విముక్తి ఉద్యమంలోని విప్లవ ధోరణుల మీద ఒక అధ్యయన తరగతి పెడదాం, దాని పక్కనే మన దళిత ఉద్యమాన్ని పెట్టి చూద్దాం అని మన హేతువాద మిత్రుల దగ్గర ఒకసారి అని చూడండి. మూడు అభ్యంతరాలు వెంటనే వస్తాయి.

ఒకటి: అది అమెరికా గొడవ, మనకెందుకు?

రెండు: రంగు పేరుతోనో, కులం పేరుతోనో విడిగా సంఘం పెట్టుకోవడమంటే కార్మికుల ఐక్యతను చీల్చడమే.

మూడు: మన పని మూఢనమ్మకాల మీద పోరాటం. దేవుడు పోతే మతం పోతుంది, మతం పోతే కులం దానంతటదే పోతుంది. కొమ్మలు నరకడం దేనికి, వేరు నరుకుదాం.

ఈ మూడిట్లో మొదటిది చదవకపోవడం వల్ల వచ్చిన మాట. రెండోది చరిత్రకు ఎదురు నడిచే మాట. మూడోది అచ్చమైన మూఢనమ్మకం. మాట కటువుగా ఉంటే ఉండనివ్వండి. బాబా గాల్లోంచి విభూతి తీస్తే చొక్కా చేతులు మడిచి చూపించమంటాం కదా. మనవాడు గాల్లోంచి ఒక సిద్ధాంతం తీస్తే ఎందుకు అడగం?

నేను చరిత్రకారుణ్ణి కాను. బీకాం చదివి, రక్షణ శాఖ లెక్కల్లో ఉద్యోగం చేసి, రిటైరయిన మనిషిని. నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. ఎవరేం చెప్పినా వోచరు చూపించమనడం. ఈ మూడు అభ్యంతరాలకూ వోచర్లున్నాయో లేదో చూద్దాం.

మార్క్స్ అంచనా, మా ఊరి పరీక్ష

1853 ఆగస్టులో న్యూయార్క్ డైలీ ట్రిబ్యూన్ పత్రికలో కార్ల్ మార్క్స్ భారతదేశం గురించి ఒక వ్యాసం రాశాడు. రైళ్ళు వస్తే వాటి వెనకే ఆధునిక పరిశ్రమ వస్తుంది, అది వస్తే కులానికి ఆధారంగా ఉన్న వంశపారంపర్య వృత్తి విభజన కరిగిపోతుంది అని అందులో ఆయన అంచనా వేశాడు. ఇది హేతువాదులు గౌరవించవలసిన మాట. ఎందుకంటే పరీక్షకు నిలబెట్టగల మాట. మంత్రం కాదు, అంచనా.

ఆ పరీక్షకు మా ఖరగ్‌పూర్‌ను మించిన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది? ఇది రైల్వే కట్టిన ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షనూ, వర్క్‌షాపూ పెట్టాకే ఇది పట్నమయింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి తెలుగువాళ్ళు ఆ రైలెక్కే వచ్చి ఇక్కడ దిగారు. ఇక్కడ కరణం లేడు, మునసబు లేడు, భూస్వామి లేడు, మాలపల్లె మాదిగపల్లె లేవు. అందరికీ ఒకటే యజమాని, ఒకటే సైరను, ఒకటే జీతం రోజు. కులం కరగడానికి ఇంతకన్నా మంచి కొలిమి ఏముంటుంది?

మరి కరిగిందా?

కొంత కరిగింది. దాన్ని కాదనను. 1927లో ఈ వర్క్‌షాపు కార్మికులు ఏడాదిలో రెండుసార్లు కంపెనీతో తలపడ్డారు. ఆ రైల్వే కార్మికుల నాయకుల్లో తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఒకరు. 1974 మే నెలలో దేశమంతా రైళ్ళు ఆగినప్పుడు కూడా అన్ని కులాల కార్మికులూ కలిసే నిలబడ్డారు. ఆ ఐక్యత బూటకం కాదు. లాఠీ పడ్డప్పుడు అది ఏ కులపు వీపని చూడలేదు.

కానీ జమ పక్క రాసి ఖర్చు పక్క వదిలేస్తే అది లెక్క కాదు. కంపెనీ కాలంలో పైన తెల్లవాడు, వాడి కింద ఆంగ్లో ఇండియన్, ఆ కింద భారతీయ గుమాస్తా, ఆ కింద మిస్త్రీ, ఖలాసీ, గ్యాంగ్‌మన్, అన్నిటి అడుగున సఫాయివాలా. 1947లో పై మెట్లలోని రంగుగీత చెరిగిపోయింది. అడుగు మెట్టులోని కులగీత చెరగలేదు. వర్క్‌షాపులో వంశపారంపర్యం కరిగింది. చీపురు దగ్గర కరగలేదు. గోల్ బజారులో నిలబడి తెలుగు పెద్దమనిషి ఎవరినయినా అడగండి, పట్టాల మీద మలం ఎత్తిన చేతులు ఏ కులాలవో. తడుముకోకుండా చెబుతాడు. నాలుగో తరం తెలుగు కుటుంబం, ఇంట్లో బెంగాలీ హిందీ కలిపి మాట్లాడే కుటుంబం, పిల్ల పెళ్ళికి మాత్రం పాత జిల్లా నుంచి కులం చూసి సంబంధం తెచ్చుకుంటుంది. సఫాయి పని ఇవాళ కాంట్రాక్టు మీదికి మారింది. ఉద్యోగం పర్మనెంటు కాదు, కులం మాత్రం పర్మనెంటు.

చట్టం చేతి రాతనూ చూడండి. మనుషుల చేత మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. 2013 చట్టంలో అపరిశుభ్ర మరుగుదొడ్డి అంటే ఏమిటో నిర్వచించే చోట రైలు బోగీకి ఒక మినహాయింపు పెట్టారు. ప్రభుత్వం చెప్పిన పరికరాలు, రక్షణ తొడుగులు వాడి ఉద్యోగి శుభ్రం చేస్తే బోగీలోని నీటి మరుగుదొడ్డి ఆ నిర్వచనం కిందికి రాదు! ఆడిట్ చేసినవాళ్ళకు తెలుసు, అసలు కథ ఎప్పుడూ మినహాయింపులోనే ఉంటుంది. బయో టాయిలెట్లు దాదాపు అన్ని బోగీలకూ వచ్చేసరికి 2010ల చివర అయింది. రైలు పుట్టాక నూట అరవై ఏళ్ళకు పైగా పట్టింది ఆ గొట్టం మూయడానికి. గొట్టం కింద ఉన్నది ఎవరన్న దాన్ని బట్టే ఆ ఆలస్యం.

పేస్లిప్పులో కనబడని భత్యం

ఈ సంగతి అంబేడ్కర్ 1938లోనే చెప్పారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అస్పృశ్య రైల్వే కార్మికుల మహాసభ జరిగింది. కార్మికుడికి ఇద్దరు శత్రువులు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని అక్కడ ఆయన అన్నారు. మన కమ్యూనిస్టు మిత్రులకు రెండోదే వినబడింది, ఆ తర్వాతి దళిత రాజకీయ నాయకుల్లో చాలామందికి మొదటిదే వినబడింది. కానీ ఆయన ఆ మాట గాల్లోకి విసరలేదు. లెక్కతో చెప్పారు. అస్పృశ్యులు ఎక్కువమంది గ్యాంగ్‌మన్లుగానే ఎందుకు మిగిలిపోతున్నారు? పోర్టరు ఉద్యోగమయినా ఎందుకు దొరకదు? పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పని కూడా చెయ్యాలి కాబట్టి. వర్క్‌షాపులో మెకానిక్ దాకా ఎందుకు పైకి రానివ్వరు? ఇవి ఆయన అడిగిన ప్రశ్నలు. అస్పృశ్య కార్మికులు విడిగా సంఘంగా ఏర్పడితే ఐక్యత చెడుతుంది అన్నవాళ్ళకు ఆయన జవాబు ఇది: కార్మికుల మధ్య గోడ ముందు నుంచీ ఉంది, మేము దాన్ని చూపిస్తున్నాం, అంతే.

ఇప్పుడు అమెరికా రైళ్ళ దగ్గరికి వెళదాం. ఎందుకు వెళ్ళాలో మీకే తెలుస్తుంది.

అక్కడి రైల్వే యూనియన్లలో పెద్దవి తమ నియమావళిలోనే తెల్లవాళ్ళకు మాత్రమే సభ్యత్వం అని రాసుకున్నాయి. 1909లో జార్జియా రైల్‌రోడ్డులో తెల్ల ఫైర్‌మన్లు సమ్మె చేశారు. ప్రధానమైన కోరిక ఏమిటో తెలుసా? నల్ల ఫైర్‌మన్లను తీసెయ్యమని! అలబామాలో బెస్టర్ స్టీల్ అనే నల్ల ఫైర్‌మన్‌ది ఇంకా విచిత్రమైన కేసు. అతని తరఫున కంపెనీతో బేరమాడే హక్కు చట్టప్రకారం ఒక యూనియన్‌కు ఉంది. ఆ యూనియన్ అతనికి సభ్యత్వం ఇవ్వదు. పైగా అతనిలాంటి వాళ్ళను పనిలోంచి తప్పించేలా కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 1944లో అమెరికా సుప్రీంకోర్టు, ఇలా వివక్షతో ప్రాతినిధ్యం చెయ్యడానికి వీల్లేదని తీర్పు చెప్పవలసి వచ్చింది. అయ్యా, ఐక్యతను చీల్చింది ఎవరు? స్టీలా, యూనియనా?

ఎందుకిలా అవుతుంది అన్నదానికి డబ్ల్యూ.ఈ.బి. డుబాయిస్ 1935లో తన పుస్తకం 'బ్లాక్ రికన్‌స్ట్రక్షన్'లో ఒక వివరణ ఇచ్చాడు. తెల్ల కార్మికుడికి జీతం తక్కువే. కానీ జీతంతో పాటు అతనికి సమాజం ఇంకొకటి కూడా చెల్లిస్తోంది: తెల్లవాడయినందుకు దొరికే మర్యాద. నాలాంటి లెక్కల మనిషికి ఇది వెంటనే అర్థమవుతుంది. దీన్ని మనం భత్యం అంటాం. కరువుభత్యం ఉంది, ఇంటద్దె భత్యం ఉంది, అలాగే కులభత్యం కూడా ఉంది. పేస్లిప్పులో కనబడదు, పన్ను పడదు, రిటైరయినా ఆగదు, పిల్లలకూ సంక్రమిస్తుంది. ఎంత పేద అగ్రకుల కార్మికుడయినా ఈ భత్యం నెలనెలా అందుకుంటూనే ఉంటాడు. ఐక్యత అంటే ఈ భత్యం రద్దు చేసుకోవడం. ఆ మాట ఎత్తకుండా ఐక్యత కావాలనేవాడు తన భత్యం అలాగే ఉంచమని అడుగుతున్నాడు.

విడిగా నిలబడితేనే కలిసి నడవడం వచ్చింది

నల్లజాతి ఉద్యమంలో విప్లవ ధోరణులు పుట్టింది ఈ అనుభవంలోంచే. ద్వేషంలోంచి కాదు.

ఎ. ఫిలిప్ రాండాల్ఫ్‌ను తీసుకోండి. స్లీపర్ బోగీల్లో పనిచేసే నల్ల పోర్టర్లకు 1925లో సంఘం పెట్టాడు. పన్నెండేళ్ళు కొట్లాడి 1937లో పుల్‌మన్ కంపెనీ చేత ఒప్పందం మీద సంతకం పెట్టించాడు. 1941లో నల్లవాళ్ళం మాత్రమే వాషింగ్టన్ మీదికి నడిచి వస్తాం అని హెచ్చరించాడు. నడవకముందే అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్షణ పరిశ్రమల్లో జాతి వివక్షను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. మన మిత్రులకు ఇంకో మాట చెప్పాలి. ఈ రాండాల్ఫ్ 1973లో రెండో మానవవాద ప్రకటన మీద సంతకం చేసినవాళ్ళలో ఒకడు. అంటే మనవాడే. హేతువాదానికీ, అణగారినవాళ్ళు విడిగా సంఘం పెట్టుకోవడానికీ విరోధం ఉందని ఆయనకు తోచలేదు.

తర్వాతి తరం ఇంకా ముందుకు పోయింది. 1966 అక్టోబరులో ఓక్లాండ్‌లో హ్యూయ్ న్యూటన్, బాబీ సీల్ బ్లాక్ పాంథర్ పార్టీ పెట్టారు. పత్రికలు వాళ్ళ చేతిలో తుపాకీని చూపించాయి. వాళ్ళ పదిసూత్రాల కార్యక్రమాన్ని చూపించలేదు. ఉద్యోగం, ఇల్లు, చదువు, పోలీసు హింస ఆగడం, ఇవి అందులోని కోరికలు. 1969 నుంచి బడిపిల్లలకు ఉచితంగా పొద్దుటి టిఫిన్ పెట్టడం మొదలుపెట్టారు. 1968లో డెట్రాయిట్ పక్కన డాడ్జ్ మెయిన్ కార్ల ఫ్యాక్టరీలో నల్ల కార్మికులు డ్రమ్ అనే విప్లవ సంఘం పెట్టుకున్నారు. ఒక చేత్తో కంపెనీతోనూ, ఇంకో చేత్తో తమను పట్టించుకోని యూనియన్ నాయకత్వంతోనూ పోరాడారు. దాని వెనకే 1969లో విప్లవ నల్ల కార్మికుల లీగ్ వచ్చింది.

వీళ్ళంతా చీల్చేవాళ్ళేనా? షికాగోలో ఫ్రెడ్ హాంప్టన్ ఏం చేశాడో చూడండి. ఇరవై ఏళ్ళ కుర్రాడు. పాంథర్ పార్టీ నాయకుడు. దక్షిణాది నుంచి వలసొచ్చిన నిరుపేద తెల్లవాళ్ళ సంఘంతో, బానిసయజమానుల జెండాను గుర్తుగా పెట్టుకు తిరిగే కుర్రాళ్ళతో, కూర్చుని మాట్లాడాడు. ప్యూర్టోరికన్ యువకుల సంఘాన్ని కలుపుకున్నాడు. అందరికీ కలిపి ఇంద్రధనుస్సు కూటమి కట్టాడు. ప్రభుత్వం దేనికి భయపడిందో గమనించండి. 1969 డిసెంబరు 4 తెల్లవారుజామున పోలీసులు ఇంటిమీద పడి 21 ఏళ్ళ హాంప్టన్‌ను, సహచరుడు మార్క్ క్లార్క్‌ను చంపారు. ఆ ఇంటి నక్షా గీసి ఇచ్చింది ఎఫ్‌బీఐ వేగు. 1982లో ఆ కేసులో ప్రభుత్వాలు కలిసి పద్దెనిమిదిన్నర లక్షల డాలర్లు చెల్లించి రాజీపడ్డాయి. వోచరు ఉంది మిత్రులారా! విడిగా సంఘం కట్టుకున్నవాడే కలిపే పని చేశాడు. చీల్చింది రాజ్యం.

ఈ వార్తలు చదివే బొంబాయిలో నామదేవ్ ఢసాల్, రాజా ఢాలే, జె.వి. పవార్ వంటి యువకులు 1972లో దళిత్ పాంథర్స్ పెట్టారు. 1973 ప్రణాళికలో దళితులంటే ఎవరో నిర్వచించారు. అస్పృశ్యులు, ఆదివాసులు మాత్రమే కాదు, కూలీలు, భూమిలేని రైతులు, స్త్రీలు, మతం పేరుతో దోపిడీకి గురయ్యే వాళ్ళందరూ అని. ఇది చీల్చే నిర్వచనమా, కలిపే నిర్వచనమా?

ఇక అది అమెరికా గొడవ అనే మొదటి అభ్యంతరం సంగతి. మహాత్మా ఫూలే 1873లో రాసిన 'గులాంగిరి'ని అంకితమిచ్చింది నల్ల బానిసల విముక్తికి పాటుపడిన అమెరికా ప్రజలకు. 1946లో అంబేడ్కర్ డుబాయిస్‌కు ఉత్తరం రాసి, నల్లవాళ్ళ తరఫున ఐక్యరాజ్యసమితికి పంపిన పిటిషన్ ప్రతి కావాలని అడిగారు. డుబాయిస్ జవాబిచ్చాడు. ఫూలేకూ, అంబేడ్కర్‌కూ మన గొడవే అనిపించింది మనకు పరాయి గొడవ ఎట్లా అయింది?

సస్పెన్స్ ఖాతా

లెక్కల్లో సస్పెన్స్ ఖాతా అని ఒకటుంటుంది. ఏ పద్దు కింద రాయాలో తేలని మొత్తాన్ని తాత్కాలికంగా అందులో పడేస్తారు. తాత్కాలికంగా! ఏళ్ళ తరబడి అందులోనే వదిలేస్తే అది లెక్కలోని లోపం, ఒక్కోసారి దాని వెనక మోసం కూడా ఉంటుంది. మన వామపక్షం కులాన్ని ఇలాగే సస్పెన్స్ ఖాతాలో పడేసింది. విప్లవం వచ్చాక సర్దుబాటు చేద్దామంది.

మా రైలు మార్గానికి ఆ చివరా ఈ చివరా ఒకే కాలంలో నిప్పు రాజుకుంది. అటు శ్రీకాకుళం కొండల్లో గిరిజన పోరాటం, ఇటు మా మేదినీపూర్ జిల్లాలో 1969లో డెబ్రా, గోపీబల్లభ్‌పూర్. ఆ త్యాగాలను తక్కువ చెయ్యను. కానీ ఆ బాటలోంచే వచ్చిన కె.జి. సత్యమూర్తి కథ చూడండి. దళిత కుటుంబంలో పుట్టి, శివసాగర్ పేరుతో కవిగా నిలిచి, 1980లో పీపుల్స్‌వార్ పార్టీని స్థాపించినవాళ్ళలో ఒకరయ్యారు. అదే పార్టీలో కులం ప్రశ్న లేవనెత్తారు. ఆ దశకంలోనే పార్టీకి బయట మిగిలారు. 2012 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాక, మేనకోడలు సుజాత గిడ్ల, న్యూయార్క్ సబ్‌వే రైళ్ళలో కండక్టరుగా పనిచేస్తూ, ఆయన జీవితాన్నీ కుటుంబ చరిత్రనూ ఇంగ్లీషులో పుస్తకంగా రాసి 2017లో ప్రచురించింది. తుపాకీ పట్టిన పార్టీ కూడా ఈ ఒక్క పద్దును సస్పెన్స్‌లోంచి తియ్యలేకపోయింది. కులం, వర్గం రెండూ కలిపి పోరాడాలన్న మారోజు వీరన్నను 1999 మే నెలలో పోలీసులు ఎన్‌కౌంటర్ పేరుతో చంపారు. హాంప్టన్‌ది, వీరన్నది ఒకే నేరం. రెండు శత్రువుల పేర్లూ ఒకే వాక్యంలో చెప్పడం.

తెనాలి ప్రశ్న

ఇప్పుడు మూడో అభ్యంతరం. దేవుడు పోతే కులం పోతుందనే మాట. దీనికి ఒక పరీక్ష పెడదాం.

తెలుగుదేశంలో హేతువాదం, నాస్తికత్వం, కమ్యూనిజం మూడూ బాగా పండిన నేల ఏది? కృష్ణా, గుంటూరు, ప్రకాశం. త్రిపురనేని రామస్వామి చౌదరి నేల. గోరా నాస్తిక కేంద్రం పెట్టిన నేల. ఆవుల గోపాలకృష్ణమూర్తి మానవవాదం బోధించిన తెనాలి. మరి 1985 జులై 17న కారంచేడు ఎక్కడ జరిగింది? ఆ నేల మీదే. ఆరుగురు దళితులను చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరు ఎక్కడ జరిగింది? తెనాలి పక్కనే. ఎనిమిదిమందిని చంపారు. చుండూరు కేసులో ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి, 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చంపినవాళ్ళలో దేవుణ్ణి నమ్మేవాళ్ళు ఎందరు, నమ్మనివాళ్ళు ఎందరు అని ఎవరూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టినా ఉపయోగం లేదు. ఆ గొడవల్లో తగాదా దేవుడి దగ్గర రాలేదు. కారంచేడులో చెరువు నీళ్ళ దగ్గర వచ్చింది. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిన దగ్గర మొదలయింది. తల ఎత్తి నడిచిన దగ్గర వచ్చింది.

అంటే అర్ధశతాబ్దికి పైగా హేతువాద ప్రచారం జరిగిన నేల మీద కులం ఒక్క అంగుళం కదలలేదని కాదు నా మాట. ఆ ప్రచారం ఒక్కటే చాలదని ఆ నేలే సాక్ష్యం చెప్పిందంటున్నాను. కారంచేడు తర్వాత అదే ఏడాది దళిత మహాసభ పుట్టింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు దాన్ని నడిపారు. పద్మారావు ఎక్కణ్ణుంచి వచ్చారు? హేతువాద ఉద్యమంలోంచే. మన తరగతుల్లో కూర్చుని, మన భాష నేర్చుకుని, అది చాలదని గ్రహించి ముందుకు నడిచిన మనిషి. మన సంఘాలు ఆ ప్రశ్న తమదిగా తీసుకుని ఉంటే ఆయనకు వేరే వేదిక కట్టుకోవలసిన పని ఉండేదా?

అదంతా కోస్తా గొడవ, మా ఉత్తరాంధ్ర వాళ్ళం మెత్తనివాళ్ళం అనే మాట ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళ దగ్గర వింటుంటాను. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మింపేటలో ఐదుగురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయరు కింద మిగిలిన భూమి దున్నుకున్నందుకు. చంపినవాళ్ళు అగ్రకులస్తులు కూడా కాదు, వెనకబడిన తరగతుల జాబితాలో ఉన్న కులం. కులభత్యం పై మెట్టు మీద మాత్రమే అందదు. కింద ఇంకొకడున్న ప్రతి మెట్టు మీదా అందుతుంది. మన తాతలు ఎక్కిన రైలు ఆ పల్లెల నుంచే బయల్దేరింది.

విప్లవకారులకూ ఆడిట్ ఉంది

నేను నల్ల విప్లవకారులకో, దళిత విప్లవకారులకో హారతి పట్టమనడం లేదు. హారతి మన అలవాటు కాదు. వాళ్ళ ఖర్చు పక్క కూడా చూడాలి.

తుపాకీ మోజు నిజం. అది రాజ్యానికి చంపే సాకు ఇచ్చింది, మామూలు జనాన్ని దూరం చేసింది. నాయకుడి పూజ నిజం. పాంథర్ పార్టీ చివరికి హ్యూయ్ న్యూటన్ అనే ఒక మనిషి ఇష్టాయిష్టాలకు లొంగింది. మగ పెత్తనం నిజం. 1974 నుంచి ఆ పార్టీని నడిపిన ఇలేన్ బ్రౌన్ 1977లో బయటికి వచ్చేసి, తర్వాత తన ఆత్మకథలో ఆ సంగతి రాసింది. దళిత్ పాంథర్స్ 1974లోనే చీలింది. దళితులను అంత విశాలంగా నిర్వచించిన ఢసాల్ తర్వాతి కాలంలో శివసేన చెంతకు చేరాడు. డెట్రాయిట్ లీగ్ 1971 కల్లా విచ్చిపోయింది. దళిత మహాసభ కూడా చీలికలు తప్పించుకోలేదు.

కానీ జమాఖర్చులు ఒకసారి పక్కపక్కన పెట్టండి. ఖర్చు పక్కనున్నవి నాయకత్వం తప్పులు. జమ పక్కనున్నది ఒక నిజం: అణగారినవాడు తన లెక్క తాను రాసుకోకపోతే ఇంకెవరూ రాసిపెట్టరు. తప్పులు చూపించి ఆ నిజాన్ని కొట్టిపారేయడం, ఒక గుమాస్తా దొంగతనం చేశాడని బ్యాంకే వద్దనడం లాంటిది. వాళ్ళ తుపాకీ మనకు వద్దు. వాళ్ళ ప్రశ్న కావాలి.

ఇక్కడ, ఇప్పుడు

సరే, ఖరగ్‌పూర్‌లో పదిమంది ముసలి హేతువాదులం ఏం చెయ్యగలం అంటారా? చెయ్యగలిగినవి ఉన్నాయి. బాబాల గుట్టు రట్టు చెయ్యడం మానమనడం లేదు. దానితో పాటే చెయ్యమంటున్నాను.

కోలార్ బంగారు గనుల్లో మన ఖరగ్‌పూర్ లాంటి పరిశ్రమ ఊళ్ళోనే, తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలో బెజవాడ విల్సన్ పుట్టాడు. అతను రాకెట్టు ప్రయోగించలేదు. పాయిఖానాలు లెక్కపెట్టాడు. ఫోటోలు తీశాడు, కాగితాలు సేకరించాడు, సఫాయి కర్మచారి ఆందోళన్‌తో 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. 2014 మార్చి 27న తీర్పు వచ్చింది. మురుగు గొట్టాల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ పది లక్షలు ఇవ్వాలని. ఆ మొత్తాన్ని 2023 అక్టోబరులో కోర్టు ముప్పై లక్షలకు పెంచింది. ఇది లెక్కలు రాయడం తెలిసినవాళ్ళు చెయ్యగల విప్లవం. మన సంఘంలో రిటైరయిన గుమాస్తాలకు కొదవా?

సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల ఫీజు. మన ఊళ్ళో స్టేషనులో, కాలనీల్లో, మురుగు కాలవల్లో పనిచేసే కాంట్రాక్టు సఫాయి కార్మికులు ఎందరు? ఒప్పందంలో రాసిన కూలీ ఎంత, చేతికి అందేది ఎంత? భవిష్యనిధి జమ అవుతోందా? చేతి తొడుగులు, బూట్లు కొన్నట్టు బిల్లుంది సరే, కార్మికుడు అందుకున్నట్టు సంతకముందా? ఈ నాలుగు ప్రశ్నలు అడగడానికి మార్క్స్ అక్కర్లేదు, మాల్కం ఎక్స్ అక్కర్లేదు. కానీ ఈ ప్రశ్నలు అడగాలని తోచాలంటే వాళ్ళ చరిత్ర చదవాలి. అందుకే అధ్యయన తరగతి. ఆ తరగతి నింపురాలోనో మథురాకాటిలోనో ఎవరి హాల్లోనో కాకుండా సఫాయి కార్మికుల బస్తీలో పెట్టాలి. పాఠం మనం చెప్పడం కాదు, వాళ్ళు చెబితే మనం రాసుకోవాలి.

ఇంకొకటి. గోరా కొడుకు లవణం 1960లో జాషువా గారి కూతురు హేమలతను పెళ్ళి చేసుకున్నారు. ఆ పని చెయ్యడానికి దేవుడు లేడని నిరూపించేదాకా ఆగలేదు. మన సంఘాల్లో ఎన్ని కుటుంబాల్లో అలాంటి పెళ్ళి జరిగింది? ఈ లెక్కను ఎవరి ఇంటిది వాళ్ళు తీసుకోండి, నాకు చెప్పనక్కర్లేదు.

కులం గురించి మాట్లాడితే ఐక్యత చెడుతుందనే మిత్రులకు నేను ఒక్కటే కోరతాను. మాట్లాడకుండా ఊరుకున్నందువల్ల ఐక్యత కుదిరిన ఒక ఊరు, ఒక వర్క్‌షాపు, ఒక యూనియన్ పేరు, సంవత్సరంతో సహా చూపించండి. రైళ్ళు వచ్చి నూట డెబ్భై ఏళ్ళు దాటింది. వెతుక్కోవడానికి కావలసినంత గడువిచ్చాం.